జయా గృహ ఉద్యోగ్‌లో జాయినింగ్

ఆదివారం పొద్దున జయ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. అందరికీ ఉప్మా పెట్టాలి, మామకు టీవీ పెట్టాలి, వెనక గదిలోకి పోయి తలుపు వేసుకోవాలి. సాయంత్రం లోపల పెళ్లి కార్డు డిజైన్ ఒకటి పూర్తి చేసి నాగపూర్‌లో ఉన్న ప్రతిభ మేడంకు మెయిల్ చేయాలి. ప్రతిభ మేడం పెళ్లిళ్ల ఏర్పాట్లు చూసే మనిషి. డిజైన్ నచ్చితే ఈ సీజన్ కార్డులన్నీ జయకే ఇస్తానంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు ఎదురుగా చూసింది లేదు, పరిచయమంతా ఇంటర్నెట్‌లో, ఆర్కుట్‌లోనే.

ఆ కార్డు నచ్చకపోతే ఏమవుతుందో జయకు బాగా తెలుసు. సోమవారం నుంచి ఆమె సమ్మయ్య సార్ నడిపే ప్రైవేటు బడిలో చిన్నపిల్లల ముక్కులు తుడవాలి. మామ లచ్చయ్య ఆమెను ఒక్క మాటైనా అడగకుండా ఆయనకు మాట ఇచ్చేసి వచ్చాడు. ఇంటర్నెట్ వచ్చే ఫోను లైను కూడా లచ్చయ్య పేరు మీదే ఉంది కాబట్టి దాన్నీ తీయించేస్తానన్నాడు.

లచ్చయ్య మహారాష్ట్రలోని సాస్తి బొగ్గు గనిలో డోజర్ నడిపి రిటైరైన మనిషి. ఆయన లెక్కలో పని అంటే సైరన్ మోగాలి, గేటు దాటాలి, పైన ఒక సాహెబ్ ఉండి తిట్టాలి. ఇవేవీ లేకుండా ఇంట్లోనే కుర్చీలో కూర్చుని చేసేది పని ఎలా అవుతుంది? ఇంటికి ఎవరొచ్చినా "మా కోడలా? కంపూటర్ల ఆడుకుంటది" అని చెప్పేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా జయకు ఒళ్లు మండిపోయేది. ఆయన ఏ టీవీ ముందు కూర్చుని ఆ మాట అనేవాడో ఆ టీవీ ఆమె కార్డులతో వచ్చిందే. బల్లార్పూర్ నుంచి అటు ఆదిలాబాద్ దాకా ఎన్ని దుకాణాలవాళ్లు ఆమె డిజైన్లు అచ్చు వేసుకుంటున్నారో ఆయనకు పట్టదు. మొగుడు సుదర్శన్‌తో చెబితే "నాయినతోని ఎవలు మాట్లాడ్తరే" అని కరెంటు ప్లాంటులో డ్యూటీకి పోయాడు. ఆదివారం డ్యూటీ అంత ఇష్టంగా చేసే మనిషి ఆ ప్లాంటులో మరొకడు ఉండడు.

ఉప్మా పొయ్యి మీద ఉండగానే జయ ఒక ముచ్చట తీర్చుకుంది. ఆర్కుట్‌లో తన పనికంటూ ఒక కమ్యూనిటీ తెరిచి, దానికి "జయా గృహ ఉద్యోగ్" అని పేరు పెట్టింది. మరాఠీలో ఉద్యోగ్ అంటే సొంత వ్యాపారం. చంద్రపూర్‌లో అప్పడాలు ఒత్తి అమ్మే ఆడవాళ్ల బోర్డుల మీద కూడా గృహ ఉద్యోగ్ అనే రాసి ఉంటుంది. రాజురా వైపు తెలుగువాళ్లకు ఆ మాట అలాగే అలవాటు. నెల తిరిగితే జీతం వచ్చేదాన్ని వాళ్లు నౌకరి అంటారు.

ఇదంతా పక్కింటి అన్నపూర్ణమ్మకు తెలియదు. ఆమె భర్త చక్రపాణి కరెంటు ప్లాంటులో ఇంజినీరు. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇన్నేళ్లయినా ఆమె నేర్చుకున్న మరాఠీ కూరగాయల దగ్గరే ఆగిపోయింది. కరివేపాకు కోసం వచ్చిన ఆమెతో జయ సంతోషం పట్టలేక చెప్పింది.

"ఆంటీ, ఇయ్యాల్టి సంది నాది గృహ ఉద్యోగ్ షురూ జేసిన. నెట్ల పెట్టిన. మీ వాళ్లందర్ని జాయిన్ గమ్మనుండ్రి."

అన్నపూర్ణమ్మ కళ్లు పెద్దవయ్యాయి. "ఎవరొచ్చినా చేర్చుకుంటావా?"

"ఎవలొచ్చినా తీస్కుంట. ఎంతమంది జాయినైతే నాకంత పేరు."

"మా ఉదయ్‌కిరణ్‌ని కూడానా?"

"మొదలు ఉదయ్‌నే జాయిన్ జేయుండ్రి ఆంటీ. ఇంజినీర్ చదివినోడు జాయినైతే నలుగురు చూస్తరు."

"మార్కులవీ ఏమన్నా చూస్తారేమో, వాడికి ఒక పేపరు మిగిలిపోయిందమ్మా."

"మార్కులెందుకు? ఒక ఫోటో ఉంటే సాలు."

అన్నపూర్ణమ్మ కరివేపాకు సంగతే మరచిపోయి ఇంటికి పరుగెత్తింది. మంచం మీద ముసుగు తన్ని పడుకున్న కొడుకును లేపి, ఇంట్లోనే ఉద్యోగమట, మార్కులు అక్కర్లేదట, లేచి స్నానం చెయ్యమంది. వాడు ఇక్కడి బడిలో చదివినవాడు. దుప్పట్లోంచే "అమ్మా, ఉద్యోగ్ అంటే అది కాదు" అని ఏదో చెప్పబోయాడు. "ఇప్పటిదాకా నువ్వు కాదన్న ఉద్యోగాలు చాల్లే" అని ఆమె వాడి నోరు మూయించింది. తర్వాత ఉప్పర్వాహి సిమెంటు కాలనీలో ఉన్న స్నేహితురాలికి ఫోన్ చేసింది. ఆమె తన పనిమనిషికి చెప్పింది. పనిమనిషి తమ్ముడు విసాపూర్‌లో ఉంటాడు. అక్కడికి చేరేసరికి ఉద్యోగం కాస్తా నౌకరి అయింది, ఒకటి నూరయింది.

భోజనాల వేళకు అన్నపూర్ణమ్మ ఇస్త్రీ చొక్కా వేయించిన కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. జయ వెనక గదిలో తలుపు బిడాయించుకుని ఉంది. వరండాలో లచ్చయ్య కునికిపాట్లు పడుతున్నాడు.

"అన్నయ్యగారూ, మీ కోడలు మావాడికి ఉద్యోగం ఇస్తానందండీ."

"మా జయనా?" లచ్చయ్య నవ్వాడు. "అది ఏడ ఇస్తదమ్మా, కంపూటర్ల ఆడుకుంటది."

ఆయన నవ్వు పూర్తి కాకముందే గేటు దగ్గర మరో ఇద్దరు నౌకరి ఇచ్చే ఇల్లు ఇదేనా అని అడిగారు. వాళ్ల వెనక విసాపూర్ ఆటో ఆగింది. ఉప్పర్వాహి నుంచి బస్సు మారి వచ్చినవాళ్లు చెమటలు తుడుచుకుంటూ దిగబడ్డారు. ప్రతివాడి చేతిలో ఫైలు, ఫైలులో సర్టిఫికెట్ల జిరాక్సులు, జేబులో ఫోటో. లచ్చయ్య ముందు బిత్తరపోయాడు. తర్వాత ఇంతమంది అబద్ధం చెబుతారా అనుకున్నాడు. ఆ తర్వాత లోపలికి పోయి, గనిలో వేసుకున్న పాత ఖాకీ చొక్కా తొడుక్కుని గేటు దగ్గర నిలబడ్డాడు.

"లైన్ల నిలబడుండ్రి. ఫైళ్లు చేతిల పట్టుకోవాలె. లోపల మా కోడలు పని జేస్తుంది, లొల్లి జేయొద్దు."

లైను గేటు దాటి వీధిలోకి పోయింది. లైను చివర ముఖం పక్కకు తిప్పుకుని, బీయీడీ సర్టిఫికెట్ ఛాతీకి ఆనించుకుని నిలబడ్డ పెద్దమనిషిని చూసి లచ్చయ్య నోరు తెరిచాడు.

"సమ్మయ్య సార్, మీరేంది గిట్ల?"

"ఏం జెయ్యాలె లచ్చన్నా" అన్నాడు సార్ గొంతు తగ్గించి. "గా బడిల ఏమున్నది? గేటు కాడ నిలబడి పిల్లల్ని లెక్కవెట్టుడు. నా సంగతి కోడలికి జర మంచిగ జెప్పు."

నిన్నటిదాకా ఆ బడిని స్వర్గమన్నది ఈ నోరేనా అని లచ్చయ్య ఆలోచిస్తూండగానే హాల్లో ఛార్జింగ్‌కు పెట్టిన జయ సెల్‌ఫోన్ మోగింది. ఆయనే ఎత్తాడు. నాగపూర్ నుంచి ప్రతిభ మేడం, జయ ఉందా అని మరాఠీలో అడిగింది.

"మేడం కామాత్ ఆహేత్" అన్నాడు లచ్చయ్య. కోడలు పనిలో ఉంది అనే మాట ఆయన నోట రావడం అదే మొదటిసారి. అదీ మరాఠీలో.

వెనక ఆ గోల ఏమిటని మేడం అడిగింది. నౌకరీల కోసం వచ్చినవాళ్లు, లైను వీధిలోకి పోయింది అని ఆయన ఉన్నమాటే చెప్పాడు. మీది ఇంత పెద్ద ఆఫీసని జయ చెప్పనేలేదే, తెలుగు కార్డులు కూడా చేస్తారా, నా పెళ్లిళ్లలో సగం మీ వైపు తెలుగువాళ్లవే అందామె. తెలుగు తమకు ఇంటి భాష అనీ, ఎన్ని కావాలన్నా చేస్తామనీ లచ్చయ్య ఛాతీ విరుచుకుని చెప్పాడు. అయితే మరాఠీ దానితోపాటు తెలుగు కార్డు కూడా సాయంత్రమే పంపండి, రెండూ చూసి చెబుతాను అని ఆమె పెట్టేసింది.

ఆ వెంటనే కరెంటు పోయింది. నాలుగు దిక్కులకూ కరెంటు పంపే ఊరు కాబట్టి ఆ ఊరికి మాత్రం మిగలదు. వెనక గదిలో ఫ్యాను ఆగిపోయి, చెమటతో తడిసిన జయ తలుపు తీసుకుని వరండాలోకి వచ్చింది. ఆమెను చూడగానే, నిలబడలేక లైనులోనే కూర్చుండిపోయినవాళ్లంతా లేచి నిలబడ్డారు. అందరికంటే ముందు లేచింది సమ్మయ్య సార్.

విషయం అర్థం కావడానికి ఆమెకు కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక, తన దగ్గర నౌకరీలు లేవని చెప్పింది. అప్పుడు వాళ్లకు కోపం వచ్చింది.

"లేకుంటె ఎందుకు పిలిచిండ్రు?" అన్నాడు ఉప్పర్వాహి మనిషి. "రెండు బస్సులు మారి ఒచ్చిన."

"జాయినవ్వమన్నావుగా అమ్మా" అంది అన్నపూర్ణమ్మ. "ఫోటో చాలన్నావు. ఉద్యోగమని నువ్వేగా చెప్పావు?"

"ఉద్యోగ్ అన్న ఆంటీ. ఉద్యోగ్. నా సొంత పని. నెట్ల పేజీకి జాయిన్ గమ్మన్న."

లచ్చయ్యకు తలకొట్టేసినట్టయింది. "ఇంతమందిల ఇజ్జత్ తీసినవ్ గద జయా. నౌకరి లేదంటె వీళ్లకేం జెప్పాలె నేను?"

జయ ఇన్నాళ్లూ దిగమింగుకున్నదంతా ఒక్కసారి పైకి వచ్చింది.

"మీ ఇజ్జత్ పోయిందా మామా? యాడాది సంది పని జేస్తున్న అని మొత్తుకుంటున్న, ఒక్కలు నమ్మలె. పని ఇస్తున్న అని ఎవలో అంటె, అడగకుంటనే అందరు నమ్మిండ్రు. ఖాకీ అంగి తొడుక్కుని మరీ నిలబడ్డరు మీరు. నేను జేసే పనికి ఒక్కనాడన్న గిట్ల నిలబడ్డరా?"

సమ్మయ్య సార్ తన సర్టిఫికెట్‌ను మెల్లగా ఫైలులోకి జరుపుకున్నాడు. లచ్చయ్య ఖాకీ చొక్కా గుండీ ఒకటి విప్పి మళ్లీ పెట్టుకుని, "బిడ్డా, ఇంకోటి గూడ అయింది" అని ఫోను సంగతి చెప్పాడు.

జయ గోడకు చేరగిలబడింది. ఆమె మరాఠీ బడిలో చదివింది. తెలుగు మాట్లాడటమే గాని, అక్షరాలు సినిమా పోస్టర్ల మీద నేర్చుకున్నవి. ఆదిలాబాద్ దుకాణాలవాళ్లు కూడా ఆమె డిజైన్ తీసుకుని తెలుగు మాటలు వాళ్లే వేసుకునేవాళ్లు. అయినా మాట పోకూడదు. కరెంటు వచ్చాక పాత శుభలేఖ ఒకటి ముందు పెట్టుకుని అక్షరం అక్షరం వెతికి కొట్టింది. కాగితం మీద ప్రింటు తీసి, ఆశ చావక ఇంకా వరండాలోనే ఉన్నవాళ్లకు ఇచ్చి తప్పులుంటే చెప్పమంది.

ఉప్పర్వాహి మనిషి చూసి మంచిగున్నదన్నాడు. సమ్మయ్య సార్ కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూసి మస్తున్నదన్నాడు. ఉదయ్‌కిరణ్ రంగు బాగుందన్నాడు. ముగ్గురూ మరాఠీ బళ్లలో చదివినవాళ్లే. అన్నపూర్ణమ్మ వంగి కొడుకు భుజం మీదుగా చదివింది, ఆపుకోలేక నవ్వింది.

"ఇదేమిటమ్మాయ్? మా కుమార్తె వివాదమునకు సకుటుంబంగా విచ్చేయమని పిలుస్తున్నావు. వివాహం కదూ. ఇక్కడ విందు ఆరగించడం కూడా లేదు, వింత ఆరగించమని ఉంది."

జయ ఆమె వంక చాలాసేపు చూసింది. "ఆంటీ, నా దగ్గర నౌకరి ఒక్కటుంది."

"బాబోయ్, బతికించావు. వింటున్నావా నాన్నా?"

"ఉదయ్‌కి గాదు ఆంటీ. మీకు."

ఆ సాయంత్రం రెండు కార్డులూ నాగపూర్‌కు వెళ్లాయి. తెలుగు కార్డులో వివాహమే జరిగింది. సీజన్ అంతా మీదే అని ప్రతిభ మేడం నుంచి జవాబు వచ్చింది. సమ్మయ్య సార్ బడి మాట లచ్చయ్య మళ్లీ ఎత్తలేదు. ఫోను లైను తీయించే మాట కూడా ఎత్తలేదు. సోమవారం పొద్దున గంజి పెట్టిన చీర కట్టుకుని, చేతిలో టిఫిన్ డబ్బాతో అన్నపూర్ణమ్మ డ్యూటీకి వచ్చింది. ఆమెకు గేటు తీసింది లచ్చయ్యే.

అప్పటి నుంచి పక్కింట్లో వంటా, గిన్నెలూ, తండ్రి క్యారేజీ కట్టడమూ ఉదయ్‌కిరణ్ మీద పడ్డాయి. అబ్బాయి ఏం చేస్తున్నాడని ఎవరైనా అడిగితే, "ఇంకా ఖాళీగానే ఉన్నాడండీ" అని అన్నపూర్ణమ్మ బాధపడుతూ చెబుతోంది.