అల్లుడుగారి అంచనా

ఆ ఉదయం అల్లుడుగారి పథకం చాలా సులువైనది. పాత ఇల్లు ఒకటి చవగ్గా కొనాలి, మరమ్మతు చేయించాలి, లాభానికి అమ్మాలి, మామగారి సిమెంటు దుకాణంలోని కుర్చీకి ఒక దండం పెట్టి బయటపడాలి. వీధి వీధంతా ఆయన్ను అల్లుడుగారనే పిలుస్తుంది. ఆ పిలుపు వదిలించుకోవడానికే ఈ తిప్పలన్నీ.

ఆయన కోడిగుడ్డు మీద ఈకలు పీకే రకం. వెంట తెచ్చుకున్న మేస్త్రికి మలుపులోనే పాఠం చెప్పారు.

"ఏ గోడ చూపించినా పెదవి విరువు. ఖర్చు మూడింతలు చెప్పు. ఇంటావిడే దిగొస్తుంది."

"గోడ బాగుంటేనో?"

"బాగుంటే ఇంకా గట్టిగా విరువు!"

ఇల్లు అమ్మే పెద్దావిడ తలుపు తీసింది. మేస్త్రి తాపీ పిడితో గోడ మీద టకటకా కొట్టి, ఆశ వదులుకున్న వైద్యుడిలా తల అడ్డంగా ఊపాడు.

"పూతంతా డొల్లమ్మా. రాలగొట్టాల్సిందే. శ్లాబులో ఇనుము తుప్పు తినేసింది. పునాది కూడా కుంగినట్టుంది."

పునాది మాట అల్లుడుగారు నేర్పలేదు. అక్కడే ఆయన బుర్రలో పురుగు దూరింది. మేస్త్రిని రెక్క పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళారు.

"పునాది నిజంగా కుంగిందా?"

"మీరే కదండీ చెప్పమన్నది!"

"నేను గోడల గురించి చెప్పమన్నాను. పునాది నీ సొంతం."

"మాటకు కాస్త నిండుదనం ఉంటుందని చేర్చానండీ. ఇల్లు రాయిలా ఉంది."

"ఇప్పుడు రాయంటున్నావా! ఆవిడ నీకేమైనా ముట్టజెప్పిందా?"

అబద్ధం చెప్పినంతసేపూ నమ్మకస్తుడైన మేస్త్రి, నిజం చెప్పగానే లంచగొండి అయ్యాడు.

అల్లుడుగారు ఫోను చేసి ప్లంబరునీ, కరెంటు పనివాణ్ణీ పిలిపించారు. పాపం, మేస్త్రి మంచికే పోయాడు. వాళ్ళు గేటు దగ్గరికి రాగానే, "ఏది చూసినా పాడైందనండి. అల్లుడుగారి కోరిక" అని చెవిలో ఊదాడు.

ప్లంబరు కుళాయి తిప్పాడు. నీళ్ళు ధారగా దూకాయి.

"పైపులన్నీ పోయాయండీ. ఇంత జోరుగా వస్తున్నాయంటేనే అనుమానం."

కరెంటు పనివాడు స్విచ్చి నొక్కాడు. లైటు వెలిగింది.

"ఇలా నొక్కగానే వెలక్కూడదండీ."

అల్లుడుగారు ఒక్కొక్కరి మొహమూ చూశారు. వేరువేరు పనుల వాళ్ళు ముగ్గురూ ఒక్కటే మాట! మనసులోనే సిమెంటు, ఇసుక, పైపులు, తీగలు, కూలీ కలుపుకుంటూ పోతే, మరమ్మతు ఇంటి ధరను దాటిపోయింది.

పెద్దావిడ బిక్కచచ్చిపోయింది. "ఇన్నాళ్ళూ ఈ కప్పు కిందేనా నిద్రపోయాను! సగం ధరకే తీసుకో నాయనా."

"సగానికా? ఎందుకూ?"

"పోనీ, నీకు తోచిందే ఇవ్వు."

"అంటే వీళ్ళకు కూడా కనపడనిదేదో దాస్తున్నారన్నమాట! ఊరికే ఇచ్చినా నాకొద్దు తల్లీ!"

నేల కుంగుతుందేమోనని మునివేళ్ళ మీద నడుచుకుంటూ అల్లుడుగారు వీధిలో పడ్డారు.

వారం తిరక్కుండా ఆ ఇల్లు మామగారు కొన్నారు. అదీ ఆవిడ మొదట చెప్పిన ధరకే. సంగతి భార్య నోట విని అల్లుడుగారు దుకాణానికి పరుగెత్తారు.

"మామయ్యా, మునిగిపోయారు! ఎవరి మాట నమ్మి కొన్నారు?"

"నీ మేస్త్రి మాటే, అల్లుడూ."

"కూలిపోతుందని వాడే చెప్పాడు కదా!"

"నాకూ అదే మొదలుపెట్టాడు. ముందు మా అల్లుడు నిన్నేం చెప్పమన్నాడో అది చెప్పరా అన్నాను. దాన్ని తిరగేసి లెక్క కట్టుకున్నాను. రంగులేస్తే చాలు."

రంగుల పని దగ్గర కాపలాకు ఎవరినీ నమ్మని మనిషి ఒకడు కావలసివచ్చి, మామగారు అల్లుడుగారినే, పాత జీతం మీదే, అక్కడ కూర్చోబెట్టారు.