తరవాణి కుండలో దొరగారి సీసా

ఆ ఆదివారం పొద్దున్న నరసింగరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. తలంటు పోసుకోవాలి, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, పన్నెండు గంటలకి వంటింటి మూల నుంచి ఒక సీసా తీసి, తడి గోనెగుడ్డలో చుట్టి, మేనేజరుగారి బంగళాకి పట్టుకెళ్ళాలి. అంతే! సీసా చల్లగా, క్షేమంగా చేరితే అతను గోనెసంచుల మిల్లులో స్టోర్సు ఆఫీసరు. చేరకపోతే పన్నెండేళ్ళుగా అరగదీస్తున్న గుమాస్తా కుర్చీలోనే రిటైరవుతాడు.

అది 1967 వేసవి. మిల్లులో కొత్త మగ్గాలు బిగించడానికి జర్మనీ నుంచి వెర్నర్ అనే ఇంజనీరు వచ్చాడు. వస్తూ వస్తూ వాళ్ళ నాన్న తోటలో కాసిన తెల్లద్రాక్షతో చేసిన వైను ఒకే ఒక్క సీసా తెచ్చి, మేనేజరు జగన్నాధంగారి చేతిలో పెట్టాడు. మద్యనిషేధం రోజులే గానీ పరదేశీయుడు కనుక ఆయనకి పర్మిట్టు ఉంది. "దీన్ని చల్లగా తాగాలి. మాది చలిదేశం. ద్రాక్ష బాగా పండేలోపే మా ఎండలు అయిపోతాయి. అందుకే దీనికి ఆ పులుపు. పచ్చి ఆపిలు, నిమ్మతొక్క, వానకి తడిసిన రాయి... ఒక్కొక్క రుచే నాలుకకి తెలుస్తుంది" అని చెప్పాడు. జగన్నాధంగారు ఆ రుచులన్నీ డైరీలో ఎక్కించుకుని, స్కూలు పిల్లాడిలా బట్టీ పట్టారు. ఆదివారం భోజనంలో దొరని అదరగొట్టాలని ఆయన కోరిక.

చిక్కల్లా చల్లదనం దగ్గర వచ్చింది. బంగళాలో ఫ్రిజ్ మూలపడింది. ఊళ్ళోకి వచ్చే ఐసు చేపల బుట్టల్లో వస్తుంది కనుక, అందులో పెడితే ఆపిలు వాసన బదులు కవళ్ళ చేపల వాసన వస్తుంది. అప్పుడు నరసింగరావు ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు.

"మా యింటికి పంపండి సార్. మాయమ్మ కుండలు పెట్టిన మూల ఉన్నాది. తడి ఇసక, గాలి. ఊటీ అనుకోండి."

"సరే. ఒక్క సీసా క్షేమంగా తెచ్చావంటే స్టోర్సు మొత్తం నీకే అప్పజెప్తాను. తేలేకపోయావా, ఇంక ఆ మాట నా దగ్గర ఎత్తకు" అన్నారు జగన్నాధంగారు.

శనివారం సాయంత్రం నరసింగరావు సీసా తెచ్చి, ఎవరికీ చెప్పకుండా కుండల మధ్య ఇసకలో దించాడు. ఇంట్లో సారా సరుకు ఉందంటే తల్లి గురమ్మ చీపురు తిరగేస్తుందని భయం. సరిగ్గా ఆ సాయంత్రమే అతని భార్య పద్మకుమారి శ్రీముఖలింగంలో పుట్టింట్లో వారం రోజులుండి, రెండు మూటలతో తిరిగి వచ్చింది. ఈ రెండు సంగతులూ ఒకదానికొకటి తగలకుండా ఉంటే ఈ కథే లేదు.

గురమ్మకి ప్రపంచంలో ఒక్కటే గర్వం, తన తరవాణి. గంజీ నీళ్ళూ కుండలో పులియబెట్టి, దబ్బాకూ వామూ వేసి, రోజూ కొత్త గంజి కలుపుతూ, నలభై ఏళ్ళుగా ఆ కుండ ఖాళీ అవకుండా కాపాడుతోంది. వేసవి వస్తే వీధి వీధంతా చెంబులు పట్టుకుని ఆవిడ గుమ్మంలో నిలబడుతుంది. ఆవిడకి లోకంలో ఒక్కరే పోటీ, వియ్యపురాలు తాయారు. ఆ ప్రాంతంలో ఎవరింట్లో తరవాణి బాగుంటే వాళ్ళింటి నుంచి కాస్త తెచ్చి తమ కుండలో మూలానికి, అంటే పాలకి తోడులా, కలుపుకోవడం మామూలే. కానీ తాయారు దగ్గర్నుంచి మూలం తెచ్చుకోవడమా? గురమ్మ ప్రాణం పోయినా ఒప్పుకోదు.

ఆదివారం పొద్దున్న ఎనిమిది గంటలకి కుండ దగ్గరికి వెళ్ళిన గురమ్మ కంట సీసా పడింది. పచ్చసీసా, చల్లగా, తన కుండనే ఆనుకుని ఉంది. మీద ఏదో రాసిన చీటీ అంటించి ఉంది గానీ ఆవిడకి చదువు రాదు. ఎవరు తెచ్చారో ఆవిడ ఒకరిని అడగాల్సిన పని లేకపోయింది. నిన్ననే కదా కోడలు పుట్టింటి నుంచి వచ్చింది!

"ఓసి నీ టెక్కు సల్లగుండ! తరవాణి సీసాలో పోసి, బిరడా బిగించి మరీ పంపిందేటి వియ్యపురాలు?"

గోనెసంచులు కుట్టే దబ్బనం తెచ్చి బిరడా పెకలించింది. అరచేతిలో కాస్త వంచుకుని నాలుక తగిలించింది. గతుక్కుమంది. పులుపుంది, కానీ నోరు పిండే పులుపు కాదు. ఏదో తెలియని పండు వాసన. చివర్న వానపడిన బండ మీద నీళ్ళు తాగినట్టు చల్లదనం. మళ్ళీ తాగింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నలభై ఏళ్ళు కట్టపడి నాను సేసిందేటి? ఆ తాయారు నన్ను గెలిసేసినాది కదా!"

ఏడ్చి ఏం లాభం? వీధివాళ్ళు పొద్దున్నే తాగిపోగా కుండ అడుగున సీసాడు తరవాణే మిగిలి ఉంది. గురమ్మ అటూ ఇటూ చూసి, సీసా మొత్తం గడగడా కుండలో వంచేసింది. ఆ రుచి ఇక తన కుండలో పెరుగుతుంది, ఎవరికీ తెలియదు. సాక్ష్యం లేకుండా సీసా లోపల కడిగి, దడికర్రకి బోర్లించింది.

పదకొండు గంటలకి తలంటు పోసుకుని వచ్చిన నరసింగరావు దడి మీద సీసా చూసి అక్కడే కూలబడ్డాడు.

"ఓలమ్మో! అమ్మా, ఆ సీసాలోది ఏటి సేసినావే?"

గురమ్మ బొంకింది. కసిరింది. చివరికి, ఏడ్చిన సంగతితో సహా ఒప్పుకుంది. "నీ అత్త సొత్తు నాను తినీలేదురా, మూలానికి కలిపినాను."

"అత్తదేటే? అది జర్మనీ దొరది! నా ఉద్యోగం అందులో ఉన్నాది!"

గురమ్మ ముఖం చేటంత అయింది. "అయితే తాయారుది కాదేటి? నిజంగా కాదేటి? బతికించినావురా నాయినా!" అంటూ కొడుకు బుగ్గలు పట్టుకుంది. ఉద్యోగం పోతున్న కొడుకు, విజయం దక్కిన తల్లీ ఒకరినొకరు చూసుకున్నారు.

పద్మకుమారే తేరుకుంది. "ఖాళీ సీసా పట్టుకెల్తారేటి? కుండలోనే కదా ఉన్నాది. వడకట్టి నింపీసి పట్టుకెల్లండి" అంది. పల్చటి గుడ్డతో రెండుసార్లు వడకట్టి నింపి, కొవ్వొత్తి మైనంతో బిరడా అంటించారు. "నా తరవాణి దొర తాగితే తప్పేటి?" అని గురమ్మ వెనక నుంచి అంటూనే ఉంది.

బంగళాలో భోజనాల బల్ల దగ్గర జగన్నాధంగారు గ్లాసు పైకెత్తారు. తనకి పర్మిట్టు లేకపోయినా అతిథి మర్యాదకి ఒక్క గుక్క అనుకున్నారు. చట్టం దృష్టిలో ఆ గుక్కలో నేరం సగమే ఉందని ఆయనకి తెలియదు. "ఆహా! పచ్చి ఆపిలు! నిమ్మతొక్క! తడిసిన రాయి!" అని కళ్ళు మూసుకుని డైరీ అంతా అప్పజెప్పారు.

వెర్నర్ ఒక గుక్క తాగాడు. సీసా దగ్గరికి లాక్కుని, దాని మీద వాళ్ళ నాన్న చేత్తో రాసిన చీటీని వేలితో తడిమాడు. "రాత్రి ఇది ఎక్కడుంది?" అన్నాడు.

"ఇక్కడే, బంగళాలోనే" అనేశారు జగన్నాధంగారు.

గుమ్మం దగ్గర నిలబడ్డ నరసింగరావు ఆ వేలినే చూస్తున్నాడు. తండ్రి చేతిరాత మీద అలా వేలు పెట్టిన మనిషి ముందు అబద్ధం నిలబెట్టడం అతని వల్ల కాలేదు. "కాదండి. మా యింట్లో ఉన్నాదండి" అని మొదలుపెట్టి, దబ్బనం నుంచి మైనం దాకా మొత్తం చెప్పేశాడు.

జగన్నాధంగారు ఎర్రగా అయ్యారు. "ఒక్క సీసా కాపాడలేనివాడివి, స్టోర్సు ఏం కాపాడతావయ్యా? పో అవతలికి!"

"ఆయన ఏం చెప్పాడో నాకు చెప్పండి" అన్నాడు వెర్నర్. జగన్నాధంగారు పళ్ళు కొరుకుతూ ఇంగ్లీషులో చెప్పారు. విని వెర్నర్ లేచి నిలబడ్డాడు. "జీపు తియ్యమనండి" అన్నాడు.

జీపు గుమ్మం ముందు ఆగేసరికి పద్మకుమారి గదిలోకి పారిపోయింది. గురమ్మ కదల్లేదు. కొంగు సర్దుకుని, కంచు గ్లాసులో తరవాణి ముంచి, దబ్బాకు తుంపి వేసి దొరకి అందించింది. "తాగు బాబూ, ఎండన పడొచ్చినావు" అంది. ఆయన ఆఖరి చుక్క దాకా తాగి, మళ్ళీ గ్లాసు చాచాడు.

"ఇందులో సగం మా నాన్నది. రెండో సగం ఎవరిది?" అని ఆయన అడిగిందాన్ని జగన్నాధంగారు అయిష్టంగానే తెలుగులో చెప్పారు.

"నాదే! మరెవలిదనుకున్నావు?" అంది గురమ్మ.

వెర్నర్ నవ్వాడు. "మా చలిలో ఈ పులుపు దానంతటదే వస్తుంది, మా గొప్పేమీ లేదు. ఇంత ఎండలో ఈవిడ దాన్ని ఇంత చల్లగా ఎలా నిలబెట్టింది? మేనేజరుగారూ, మీరు నేను చెప్పిన మాటలే నాకు చెప్పారు. ఈవిడకి ఎవరూ చెప్పలేదు. తన నాలుకతో కనిపెట్టి, తన కుండ కంటే బాగుందని ఏడ్చింది. మా నాన్నకి ఉత్తరం రాస్తాను. ఆయన వైనుకి ఇంత మర్యాద మా ఊళ్ళో కూడా జరగలేదు. ఇక ఈయన సంగతి. మీరు కప్పిపుచ్చినా తన తప్పు తానే చెప్పాడు. నా మగ్గాల సామాను ఈయన చేతికి తప్ప ఇంకెవరికీ ఇవ్వను."

నరసింగరావు దొరకి రెండు చేతులూ జోడించాడు. జగన్నాధంగారు కూడా గ్లాసు పుచ్చుకుని తాగారు, ఈసారి రుచులు అప్పజెప్పలేదు. మంగళవారం నాటికి నరసింగరావుకి స్టోర్సు ఆఫీసరుగా ఆర్డరు వచ్చింది.

కొడుక్కి ఉద్యోగం వచ్చినందుకు గురమ్మ సంతోషించింది గానీ, న్యాయంగా చూస్తే అది తనకి రావలసిన ఉద్యోగమని ఆవిడ అభిప్రాయం.