పదిహేను జతల బట్టలు

"ప్యాంటు నీదే అయితే, అందులో నీ నడుం ఎక్కడుందిరా?" అని తండ్రి అడగడం ఆ గురువారం పొద్దున మూడోసారి.

"నడుం కనబడకూడదు నాన్నా. అదే స్టైలు."

"ఇంకో ఇద్దరు పట్టేలా ఉంది. మిగతా జాగా అద్దెకిస్తావా?"

తండ్రి గోడలకు రంగులు వేస్తాడు. జాగా కొలవడం ఆయనకు అలవాటు. కొడుకు పగలంతా కొరియర్ ఆఫీసులో పార్సిళ్ళకు స్టిక్కర్లు అంటిస్తాడు, మిగతా వేళల్లో ర్యాప్ పాటలు రాసుకుని పాడుకుంటాడు. ఇంట్లో అతను బుజ్జి. స్టేజీ మీద పిడుగు. ఏడాది పాటు కూడబెట్టి మూడు ప్యాంట్లు, ఐదు చొక్కాలు, ఆరు జేబుల జాకెట్టు ఒకటి కొనుక్కున్నాడు. అన్నీ రెండు సైజులు పెద్దవి, అన్నీ ముదురు రంగువి. చెమట కనిపించదు, ఇస్త్రీ అక్కర్లేదు, ఏ చొక్కా అయినా ఏ ప్యాంటు మీదికైనా నప్పుతుంది. "మూడైదులు పదిహేను జతలు. పదేళ్ళు బట్టల బెంగ లేదు," అని చెల్లెలికి చెప్పి మురిసిపోయాడు. మరిచిపోతే చూసుకోవడానికని పాట కాగితం కూడా అప్పుడే జాకెట్టు జేబులో పెట్టేశాడు.

శనివారం సాయంత్రం ఒక బృందం పాడేవాళ్ళను ఎంచుకుంటోంది. ఎంపికైతే ఊరూరా తిరిగి పాడొచ్చు. కాకపోతే సోమవారం నుంచి బాబాయి ఇనప సామాన్ల కొట్లో కూర్చుంటానని కొడుకు మాటిచ్చాడు. స్వయంగా వచ్చి చూస్తానని తండ్రీ మాటిచ్చాడు.

తల్లి ఈ వాదంలో నోరు విప్పలేదు. ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని బతికే ఆమెను వీధంతా టైలరమ్మ అంటుంది. ఆమె బాధ వేరు. అంతకుముందు రోజే కొత్తగా వచ్చిన ఒకావిడకు ఈ వదులు ప్యాంటుతో బుజ్జి గుమ్మంలో ఎదురుపడ్డాడు. "మీ అబ్బాయా? కన్నకొడుకు కొలతే తెలియకపోతే, నాదేం తెలుస్తుందమ్మా?" అని ఆవిడ తెచ్చిన గుడ్డ తెచ్చినట్టే పట్టుకెళ్ళిపోయింది. ఇరవై ఏళ్ళ పేరు ఆవిడ వెనకే మెట్లు దిగి పోయినట్టు అనిపించింది తల్లికి.

కాబట్టి, "ఈ ప్యాంటు జిప్పు ఒక్కటి మార్చమ్మా," అని బుజ్జి చెప్పి, యూనిఫాం వేసుకుని పనికెళ్ళగానే ఆమె బీరువా మొత్తం ఖాళీ చేసింది. రెండు రోజుల్లో మూడు ప్యాంట్లూ ఐదు చొక్కాలూ జాకెట్టూ వాడి ఒంటికి అతికినట్టు బిగించింది. జాకెట్టు జేబులు సంచుల్లా వేలాడుతున్నాయని ఆరింటినీ మూసి కుట్టేసింది. మిషను చప్పుడులో లోపలి కాగితం వినబడలేదు. పోటీకి వెళ్ళే కొడుక్కి కానుక అనుకుని అన్నీ ఇస్త్రీ చేసి, బీరువాకు తాళం వేసింది.

శనివారం మధ్యాహ్నం బుజ్జి బట్టలు వేసుకుని వచ్చి నిలబడ్డాడు. ఇంటర్వ్యూకి వెళ్ళే గుమాస్తాలా ఉన్నాడు.

"ఏం చేశావమ్మా?"

"బాగుందా?"

అతను అరవలేదు. కూలబడబోయాడు గానీ ఆ ప్యాంటులో కుదరలేదు. నిలబడే కళ్ళు తుడుచుకున్నాడు. తల్లి కత్తెర అందుకుంది.

"విప్పేస్తాను బుజ్జీ. గంటలో మళ్ళీ మామూలు చేసేస్తాను."

తీరా చూస్తే వదులు చేయడానికి లోపల గుడ్డ లేదు. ఉబ్బుగా ఉంటుందని తనే కత్తిరించేసింది. ఆ ముక్కలు చెల్లెలు తలగడలో కూరింది. తలగడ మీద, పని నుంచి వచ్చిన తండ్రి నిద్రపోతున్నాడు. తలగడ లాగి, ముక్కలన్నీ నేల మీద పరిచి కూర్చి చూస్తే ఒక కాలికి మోకాలి దాకా వచ్చింది.

"ఇంట్లో వదులు ప్యాంటు ఇంకొకటే ఉందన్నయ్యా," అంటూ చెల్లెలు తండ్రి వంక చూసింది.

"నా మిగతావి బకెట్లో నానుతున్నాయే," అన్నాడు తండ్రి. "నేనేం వేసుకుని రావాలి?"

"మీరు రాకండి," అంది తల్లి.

"మాటిచ్చాను."

"ప్యాంటివ్వండి చాలు."

తండ్రి దుప్పటి చుట్టుకుని మంచం మీదే ఉండిపోయాడు. ఆ ప్యాంటు నిండా నీలం, పసుపు చుక్కలు, సున్నం చారలు. ఆయన బెల్టులో చివరి కన్నం కూడా బుజ్జికి వదులే. తల్లి మెడలోని కొలతల టేపు తీసి వాడి నడుముకు ముడివేసింది.

హాలులో మొదటి చరణం బాగానే సాగింది. వెంట వచ్చిన తల్లికి ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, ఎవరూ నవ్వలేదు కనుక బాగున్నట్టే అనుకుంది. రెండో చరణం దగ్గర బుజ్జి ఆగాడు. ఒక చేతిలో మైకు, ఇంకో చేతిలో జారిపోతున్న ప్యాంటు. మైకు చంకలో ఇరికించి, పైన వేసుకున్న జాకెట్టు జేబులు తడిమాడు. ఆరింట్లో ఒక్కటీ తెరుచుకోలేదు. లోపల కాగితం గరగరలాడడం మాత్రం మైకులోంచి హాలంతా వినబడింది. అప్పుడు నవ్వారు. దారం రెండు పేటలు వేసిన సంగతి తల్లికి గుర్తొచ్చింది.

బుజ్జి తల వంచుకుని దిగి ఆమె పక్కన కూర్చున్నాడు. కాసేపటికి బృందం నాయకుడు నేరుగా వాళ్ళ దగ్గరికే వచ్చాడు. బుజ్జి గబుక్కున లేచాడు. నాయకుడు వంగి ప్యాంటు గుడ్డ పట్టుకుని చూశాడు.

"ఎవరు కుట్టారు బ్రో?"

"అమ్మ టైలరు. కానీ ఇది..."

"ఆంటీ, ఇలాంటివి ఎనిమిది కావాలి. మరకలతో సహా. టేపు కూడా. మచ్చుకి ఇది మా దగ్గరే ఉంచుకుంటాం."

"మరి మావాడు?"

"మీవాడు చాలా మంచివాడు ఆంటీ," అని నాయకుడు ఇంకెవరినో పిలుస్తూ వెళ్ళిపోయాడు.

ఎందుకైనా మంచిదని తల్లి సంచిలో తెచ్చిన బిగుతు ప్యాంటులోనే బుజ్జి మళ్ళీ ఇల్లు చేరాడు. అందరూ భోజనానికి కూర్చున్నారు. తల్లి జాకెట్టు ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్క జేబే విప్పి, కాగితం తీసి కొడుకు పళ్ళెం పక్కన పెట్టింది. అతను దాన్ని విప్పలేదు.

"సోమవారం నుంచి బాబాయి కొట్టుకెళ్తాను," అన్నాడు, మంచినీళ్ళు అడిగినంత మామూలుగా. "బట్టలు కొనక్కర్లేదు. పదిహేను జతలున్నాయి."

వాదంలో గెలిచిన తండ్రి లేచి కొడుకు భుజం తట్టవలసిన సమయమే అది గాని, ప్యాంట్లు ఇంకా బకెట్లోనే ఉన్నందువల్ల ఆయన దుప్పటి చుట్టుకుని కూర్చునే ఉన్నాడు.