విగ్రహాన్ని గుర్తుపట్టిన కెమెరా

ఆ రోజు ఉదయం రాజశేఖర్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఆరింటికి రుద్రవరం నుంచి కారులో బయలుదేరి నంద్యాల వెళ్లాలి. అక్కడ ఫోటోగ్రాఫర్ బెన్నీని ఎక్కించుకోవాలి. తిరుగుదారిలో ఆళ్లగడ్డలో ఆగి శిల్పి సుబ్బయ్యనూ, ఒక గులాబీ దండనూ తీసుకోవాలి. తండ్రి రామయ్య పోయి ఏడాదైన సందర్భంగా, పదకొండు గంటలకు పొలంలో ఆయన నల్లరాతి విగ్రహం మీది గుడ్డ తీయించాలి. ఒంటిగంటకు భోజనాలు.

అయితే ఆ విగ్రహం వెనక ఒక రహస్యం ఉంది. అది రాజశేఖర్‌కూ సుబ్బయ్యకూ మాత్రమే తెలుసు. రామయ్య బతికున్నన్నాళ్లూ ఫోటో అంటే ఆమడ దూరం పారిపోయాడు. పెళ్లిళ్లలో కెమెరా కనబడగానే వంటల దగ్గరికి వెళ్లి సాంబారు బాగోగులు విచారించేవాడు. ఇంట్లో ఉన్నదల్లా ఆధార్ కార్డు మీది బొమ్మ. అందులో ఆయన తుమ్మబోయి ఆగిన మనిషిలా ఉన్నాడు. సుబ్బయ్య ఆ కార్డును అటూ ఇటూ తిప్పి, "దీన్ని జూసి చెక్కితే మీ నాయన రాడప్పా, ఆధార్ కార్డే వస్తాది," అని తేల్చేశాడు. తర్వాత రాజశేఖర్ ముఖాన్ని కాసేపు పరీక్షగా చూసి, "నువ్వు మీ నాయన మాదిరే ఉండావు. నువ్వే కూచో," అన్నాడు.

రాజశేఖర్ మూడు వారాలు మీసం పెంచాడు. తండ్రి తలపాగా చుట్టుకుని నాలుగు మధ్యాహ్నాలు సుబ్బయ్య షెడ్డులో స్టూలు మీద కూర్చున్నాడు. తల్లి రామమ్మతో మాత్రం, ఆధార్ బొమ్మనే కంప్యూటర్లో పెద్దది చేయించామని చెప్పాడు. "మీ నాయన మొగం ఒక్కసారి పెద్దగా జూస్తే చాలురా నాకు," అని ఆమె ఏడాదిగా అడుగుతూ వచ్చింది. ఇంకేమీ అడగలేదు. తీరా చూసింది నాయన ముఖం కాదని తెలిస్తే ఆమె ఏమైపోతుందో ఊహించే ధైర్యం కూడా రాజశేఖర్‌కు లేదు.

నంద్యాలలో బెన్నీ స్టూడియో తెరిచి సిద్ధంగా ఉన్నాడు. రెండు వారాల కిందట కొన్న కొత్త కెమెరాను బల్ల మీద తువ్వాలు పరిచి దాని మీద పెట్టుకున్నాడు. కొత్త ఎద్దుల జత కొన్న రైతుకు చూసినవాడికల్లా వాటి పళ్లు చూపించాలనిపిస్తుంది. బెన్నీకీ అదే అవస్థ.

"పాత కెమెరాలో లోపల అద్దం ఉంటాదన్నా. నొక్కినప్పుడల్లా ఎగిరి టపామంటాది. దీంట్లో అద్దమే లేదు, చప్పుడే లేదు. ఇప్పుడు నీవి ఇరవై ఫోటోలు తీస్తిని, తెలిసిందా?"

"లేదే!"

"అదీ సంగతి. ఫోటోలు, వీడియో రెండూ దీంతోనే. రెండు మెమరీ కార్డులుంటాయి, ఒకటి చెడిపోయినా ఇంకోటి ఉంటాది. చెయ్యి వణికినా బొమ్మ వణకదు. ఇవన్నీ ఒకెత్తు, ఇది ఒకెత్తు. ఇట్ల కూచో."

రాజశేఖర్‌ను కూర్చోబెట్టి, తల కుడికి, ఎడమకు, పైకి తిప్పించి, బెన్నీ ఏవో మీటలు నొక్కాడు. తెర మీద రాజశేఖర్ ముఖం చుట్టూ ఆకుపచ్చ గడి పడింది. దాని కింద ఇంగ్లీషు అక్షరాల్లో అతని పేరు వెలిగింది.

"నీ మొగం దీనికి నేర్పించినా. ఇంక నువ్వు ఎంత గుంపులో ఉండినా నిన్నే పట్టుకుంటాది. యాడ దాంకున్నా ఇడిసిపెట్టదు."

రాజశేఖర్‌కు మనసులో సంతోషమే అయింది. ఇప్పటిదాకా ఏ పెళ్లి ఆల్బంలో చూసినా అతను ఎవరిదో ఒకరి భుజం వెనక సగమే ఉన్నాడు. ఈ ఒక్కరోజైనా నిండుగా పడదామనుకున్నాడు.

ఆ సంతోషం ఆళ్లగడ్డ దాకా నిలిచింది. అక్కడ సుబ్బయ్య వెనక సీట్లో ఎక్కి, పక్కనున్న కెమెరాను చూసి, "రాతి బొమ్మలు బాగా పడతాయాప్పా దీంట్లో?" అని మాట వరసకు అడిగాడు.

"రాయి గానీ మనిషి గానీ, మొగమంటూ ఉంటే చాలు," అన్నాడు బెన్నీ. "కండ్లు, ముక్కు, గడ్డం దూరాలు కొలిచి పట్టేస్తాది."

రాజశేఖర్ కారు ఒక్కసారి పక్కకు పోయి మళ్లీ రోడ్డు మీదికి వచ్చింది. అద్దంలో సుబ్బయ్య కళ్లు, అతని కళ్లు కలుసుకున్నాయి.

"తలపాగా చుట్టుకుంటే గుర్తుపట్టదు కదా?" రాజశేఖర్ అడిగాడు.

"పట్టకేం! మీసం పెట్టుకున్నా పడతాది."

"అట్లయితే నా పేరు తీసెయ్యి బెన్నీ."

"ఎందుకన్నా?"

"ఊరికేనే. నా గొప్ప ఎందుకని," అన్నాడు రాజశేఖర్.

బెన్నీ ముఖం వెలిగిపోయింది. "పెద్ద మనసన్నా నీది! ఇట్లాంటోళ్ల పేరే ఉండాల. నేను తియ్యను," అన్నాడు. ఆ తర్వాత రాజశేఖర్ ఎంత గట్టిగా అడిగితే బెన్నీకి అతని మీద అంత గౌరవం పెరిగింది.

పొలంలో షామియానా కింద నూటయాభై మంది దాకా చేరారు. విగ్రహం పక్కన పెద్ద ఎల్ఈడీ తెర నిలబెట్టారు. అది రామమ్మ కోరిక. ఆమెకు చూపు సరిగా ఆనదు. మోకాళ్ల నొప్పులతో విగ్రహం గట్టు ఎక్కలేదు. తెర మీదైతే కుర్చీలోంచే పెనిమిటిని చూసుకోవచ్చని పట్టుబట్టి పెట్టించింది. బెన్నీ కెమెరాను స్టాండు మీద పెట్టి, తెరకు వైరు కలిపాడు. వెంటనే రాజశేఖర్ ముఖం ఎనిమిది అడుగుల ఎత్తున కనబడింది. చుట్టూ గడి, కింద పేరు. జనం ఈలలు వేశారు.

"ఆ గడి కెమెరాలో ఉంటే చాలదా? ఇంత పెద్ద తెర మీద ఎందుకు?" రాజశేఖర్ పళ్లు బిగించి అడిగాడు.

"జనం జూడొద్దా మరి!" అన్నాడు బెన్నీ.

రాజశేఖర్ గట్టు దిగి నేరుగా జనరేటర్ దగ్గరికి వెళ్లి దాన్ని ఆపించాడు. తెర ఆరిపోయింది. దాంతో పాటు మైకూ ఫ్యాన్లూ కూడా ఆగాయి. తండ్రి పోయిన బాధలో ఏం చేస్తున్నాడో తెలియడం లేదని వెనక వరసలో ఎవరో జాలిపడ్డారు. రామమ్మ కుర్చీలోంచే కేక వేసింది.

"తెర ఏమాయరా శేఖరా?"

"చప్పుడెక్కువైందమ్మా. తెర లేకుండా కానిద్దాం."

"తెర లేకుంటే నాకేం కనపడతాదిరా? నేను ఈడికి వచ్చిందే దానికోసం," అంది ఆమె. జనరేటర్ మళ్లీ మోగింది.

ఇక మిగిలింది ఒక్కటే ఉపాయం. గుడ్డ తీసేటప్పుడు తాను విగ్రహానికి అడ్డంగా నిలబడితే గడి తన మీదే ఉండిపోతుందని లెక్క వేసుకున్నాడు. ఉండేదే. కానీ బెన్నీ రెండు చేతులూ ఊపుతూ, "పక్కకు జరుగన్నా, నాయన కనపడల్ల!" అని అరిచాడు. నూటయాభై మందీ అదే మాట అందుకున్నారు. రాజశేఖర్ పక్కకు జరిగాడు.

గుడ్డ జారింది. రామయ్య అక్క ఆదెమ్మ గట్టెక్కి గులాబీ దండ వేసింది. తెర నిండా నల్లరాతి ముఖం, తలపాగా, మీసం. "అచ్చం రామయ్యే! కొంచెం వయసు తగ్గినాడు, అంతే," అన్నారు ముందువరస వాళ్లు. రామమ్మ కుర్చీలో ముందుకు వంగి, కొంగుతో కళ్లు తుడుచుకుని, మళ్లీ చూసింది. గండం గడిచిందని రాజశేఖర్ ఊపిరి వదలబోయాడు. అంతలో ఆకుపచ్చ గడి వచ్చి రామయ్య ముఖం చుట్టూ కూర్చుంది. దాని కింద పేరు పడింది.

ఇంగ్లీషు చదవగలిగినవాళ్లు దగ్గారు. రామమ్మకు చదువు రాదు.

"ఏం రాసినార్రా ఆడ?"

"రామయ్య అనమ్మా," అన్నాడు రాజశేఖర్.

గడి ఎగిరి, తెర అంచున కనబడుతున్న అతని ముఖం మీదికి వచ్చింది. మళ్లీ విగ్రహం మీదికి పోయింది. ఒకే ముఖం రెండు చోట్ల కనబడేసరికి కెమెరాకు పాలుపోక అటూ ఇటూ తిరగసాగింది. ఆదెమ్మ గట్టు మీదే నిలబడి తెరను చూస్తోంది.

"రే శేఖరా, నాకు సదువు రాదు గానీ కండ్లుండాయి. మీ నాయన కింద ఉండే గీతలే నీ కింద కూడా ఉండాయి. ఇద్దరి పేరూ రామయ్యేనా?"

రాజశేఖర్ భార్య పూర్ణిమ లేచి నిలబడి, మొగుడి వైపు చెయ్యి చూపింది. "రెండు చోట్లా ఈయప్ప పేరే ఉండాది," అంది. పెద్దగా అనలేదు గానీ అందరికీ వినబడింది.

బెన్నీ తన కెమెరా మీద నింద పడనిస్తాడా? "ఇది తప్పు చెప్పదక్కా!" అంటూ ముందుకొచ్చాడు. "ఆ కండ్లు, ఆ ముక్కు, ఆ గడ్డం కొలతలన్నీ అన్నవే. రాసిస్తా కావాలంటే!"

"అంటే, బతికుండేటోని బొమ్మకు నా చేత్తో దండేస్తినా!" ఆదెమ్మ గుండె బాదుకుంది. పూర్ణిమ ఒక్క ఉదుటున గట్టెక్కి దండ లాగేసింది. ఎవరో విగ్రహం మీద మళ్లీ గుడ్డ కప్పారు. బతికున్నవాడి మీద ముసుగు కప్పడం ఇంకా అపశకునమని ఇంకెవరో తీసేశారు. తీసిన గుడ్డను ఏం చేయాలో తెలియక మళ్లీ కప్పారు. జనమంతా సుబ్బయ్యను చుట్టుముట్టారు. ఆయన, "ఉలి ఉండాది, అర్ధ గంట ఇయ్యండి. ముక్కు రవ్వంత తగ్గిస్తే ఎవురూ కాకుండా పోతాడు," అని అందరికీ నచ్చచెప్పబోయాడు. ఇదంతా బెన్నీ కెమెరా చప్పుడు లేకుండా రెండు కార్డుల మీదా ఎక్కించుకుంటూనే ఉంది.

రాజశేఖర్ తల్లి కుర్చీ దగ్గరికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నాడు. దాచడానికి ఇంకేమీ మిగలలేదు. "నాయన ఫోటో సరిగా లేకపాయనమ్మా. నేనే కూచుంటి. నీకు అబద్ధం చెప్తిని," అన్నాడు. ఏడాదిగా ఆమె అడిగిన ఒక్కటీ తన చేతుల్లోనే పాడైపోయిందని అతనికి ఏడుపొచ్చింది.

రామమ్మ కొడుకు వైపు చూడలేదు. గట్టు మీదున్న ఆడబిడ్డ ఆదెమ్మ వైపు బెదురుగా చూసింది. తర్వాత నడుముకు దోపుకున్న ఆకువక్క సంచి తీసి, దాని అడుగున చెయ్యి పెట్టి, ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన ఒక పాత ఫోటో బయటికి లాగింది. రంగుల విమానం గీసిన తెర ముందు పాతికేళ్ల రామయ్య నిటారుగా కూర్చున్నాడు. పక్కన జడనిండా కనకాంబరాలతో రామమ్మ. అలాంటి ఫోటో ఒకటి లోకంలో ఉందని రాజశేఖర్‌కు అంతవరకూ తెలియదు.

"అమ్మా! ఇది ఉండంగా నన్నెందుకు తిప్పలు పెడితివి? అడిగితే ఒక్కటీ లేదంటివే!"

"మీ అత్తకు తెలుస్తాదని," అంది రామమ్మ మెల్లగా. బెన్నీని పిలిచి ఫోటో చేతికిచ్చింది. "ఈయప్ప మొగం నేర్పించు నాయనా దానికి. ఏం చెప్తాదో జూద్దాం."

బెన్నీ ఆ ఫోటోను వెలుతురుకు పెట్టి, మీటలు నొక్కాడు. రాజశేఖర్ పేరు తీసేసి కొత్త పేరు రాశాడు. విగ్రహం మీది గుడ్డ మరోసారి, ఆ రోజుకు ఆఖరుసారి, తీశారు. గడి కాసేపు తచ్చాడి, వచ్చి నల్లరాతి ముఖం చుట్టూ కూర్చుంది.

"ఏం రాసింది?" రామమ్మ అడిగింది.

"రామయ్య," అన్నాడు రాజశేఖర్.

ఆమె అతన్ని నమ్మలేదు. కోడలి వైపు తిరిగింది. "రామయ్యనే ఉండాదత్తా," అంది పూర్ణిమ.

ఇంతలో ఆదెమ్మ గట్టు దిగి వచ్చి బెన్నీ చేతిలోని ఫోటో లాక్కుంది. పాతికేళ్ల తమ్ముణ్ణి చూడగానే ఆమె కళ్లలో నీళ్లు నిండాయి. వేలితో అతని చెంప తడిమింది. ఆ తర్వాత వెనకనున్న విమానం కంటబడింది.

"ఇది నంద్యాల స్టూడియో కదా? ఎప్పుడు పోతిరి మీరిద్దరూ?"

రామమ్మ తల వంచుకుంది. "నాకు పన్ను నొప్పని ఆస్పత్రికి పోయిన్నాడు వదినా. మ్యాట్నీకి పోతిమి."

బతికున్నవాడికి దండ వేసిన అపశకునం ఆదెమ్మ మనసులోంచి ఎగిరిపోయింది. "నలభై రెండేండ్లు దాస్తివా! ఆ దినం తొమ్మిది బర్రెల పాలు నేనొక్కదాన్నే పిండితి! సాయంత్రం నీ చెంపకు కాపడం కూడా పెడితి!" అంది. అంటూనే పూర్ణిమ చేతిలోని దండ అందుకుని, గట్టెక్కి, తమ్ముడి మెడలో వేసింది. "నీ సంగతి కూడా తెలిసిందిలేరా," అని విగ్రహాన్ని కూడా ఒక మాట అని దిగింది.

జనం భోజనాలకు లేచారు. రామమ్మ మాత్రం తెర ముందునుంచి కదల్లేదు. రాజశేఖర్ విగ్రహం పక్కన పడిన గులాబీ రేకులు ఏరుతున్నాడు. కెమెరా అతన్ని చూసింది. గడి వెళ్లి అతని ముఖం చుట్టూ కూర్చుంది, కింద రామయ్య అని పడింది. బెన్నీ నాలుక కరుచుకుని మీట మీద వేలు పెట్టాడు.

"ఉండనియ్యి నాయనా," అంది రామమ్మ. "కదులుతాండాడు. కొంచేపు జూసుకోనీ."

ఆ కొంచెంసేపూ పూర్ణిమ ఓర్చుకుంది గానీ, కెమెరాలో తన మొగుడి పేరు తిరిగి ఎక్కించేదాకా బెన్నీ విస్తరిలో అన్నం పెట్టనివ్వలేదు.