కాలు తీస్తే చచ్చిపోయే కారు

"ఈ పల్నాటి గడ్డ మీద నేరం చేసి హాయిగా నిద్రపోయే మొనగాడు ఇంకా పుట్టలేదు! పుట్టినా, వాడి కలలోకి వచ్చేది ఈ యలమందే!"

వినుకొండలో తన పురుగుమందుల కొట్టు కౌంటరు వెనక నిలబడి యలమంద ఈ ప్రకటన చేసేసరికి, ఎదురుగా స్టూలు మీద కూర్చున్న గౌస్ బాషా తల పట్టుకున్నాడు.

"ఒరేయ్, నేనడిగింది మెకానిక్ అస్లాం సెల్ నంబరు రా."

"నంబరు తరవాత. ముందు కేసు చెప్పు."

రైతులు జేబులో పెట్టుకొచ్చిన తెగులు ఆకు చూసి, చేను మొహం చూడకుండానే మందు డబ్బా చేతిలో పెట్టడం యలమంద వ్యాపారం. ఆకు చూసి పురుగును పట్టేవాడికి మనిషిని చూసి నేరాన్ని పట్టడం ఎంతసేపు అని అతని ధీమా.

బాషా చెప్పుకొచ్చాడు. అద్దెకు తిప్పే పెట్రోలు కారు. పరుగులో బంగారం. ఎక్సలేటర్ మీంచి కాలు తీస్తే చాలు, టక్కున ఆగిపోతోంది. ఇన్నాళ్ళూ కాలు తీయకుండానే నెట్టుకొచ్చాడు. కానీ ఈ సాయంత్రం అంకమ్మరావు గారి అమ్మాయి పెళ్ళి. పెళ్ళికొడుకుని విడిది నుంచి మంటపం దాకా బ్యాండు వెనక నడక వేగంతో ఊరేగించాలి. వాళ్ళు ఆగిన చోటల్లా ఆగాలి. బ్రేకు తొక్కాలంటే కాలు తీయాలి!

"పెళ్ళికొడుకు బండి నడివీధిలో ఆగిపోతే అపశకునమంటారు రా. ఇక ఈ చుట్టుపక్కల నన్ను పెళ్ళికి పిలిచేవాడుండడు."

యలమంద మొదట ఇంజనుకి రసం పీల్చే పురుగు పట్టిందేమోనని అనుమానించాడు. బాషా చూసిన చూపుకి ఆ అనుమానం మానుకుని నంబరు ఇచ్చాడు.

అస్లాం చీమకుర్తిలో గ్రానైట్ లారీ కింద ఉన్నాడు. "బాషా భాయ్, కాలు తీసినప్పుడు ఇంజను గాలి పీల్చుకోడానికి పక్కన చిన్న దారి ఉంటుంది. అక్కడి వాల్వు మసి పట్టి బిగుసుకుని ఉంటుంది. గాలాడక ఆగిపోతోంది. విప్పి కడిగితే సరి. కానీ నేనొచ్చేసరికి పొద్దుపోతుంది."

ఫోనుకి చెవి ఆనించిన యలమంద కళ్ళు మెరిశాయి. "గాలాడక చచ్చిందా? అంటే ఎవరో గొంతు నులిమారు!"

కొట్టు ముందున్న కారు బానెట్ లేచింది. బాషా లోపల కూర్చుని, ఎక్సలేటర్ మీద కాలు అదిమిపెట్టి ఇంజను నడుపుతున్నాడు. "బాధితుడి ఆఖరి శ్వాస వినాలి" అని యలమంద ఆజ్ఞ. తను వీల్ స్పానర్ చేతపట్టి, ఇంజను మీది మసి వేలికి రాసుకుని, నాలిక మీద పెట్టి, ఉమ్మేశాడు.

"మసి! హంతకుడు ఆధారాలు తగలబెట్టాడు. ఎక్కడెక్కడ చచ్చింది?"

"చీరాల రైల్వే గేటు దగ్గర. గుంటూరు మిర్చి యార్డులో. మా అత్తగారి వీధిలో."

"అప్పుడు పక్కనెవరున్నారు?"

"గేటు దగ్గర వేరుశనక్కాయలవాడు. యార్డులో హమాలీలు. అత్తగారింటి దగ్గర మా ఆవిడ రహిమున్నీసా."

"మూడు చోట్లా ఉన్నవాడు?"

"మూడు చోట్లా ఎవరుంటార్రా!"

యలమంద స్పానర్‌ని బాషా వైపు గురిపెట్టాడు. "ఉన్నాడు! స్టీరింగ్ వెనక నక్కి, ఏమీ ఎరగనట్టు మొహం పెట్టుకుని! మూడు హత్యలు, ఒకే నీడ! హంతకుడివి నువ్వేరా గౌస్ బాషా!"

ఆవేశంలో స్పానర్ పైకి లేచింది. ఠంగుమని ఇంజను మీద పడింది.

బాషా ఒక్క గెంతులో కిందికి దూకి యలమంద కాలరు పట్టుకున్నాడు. "నా బండిని నేనే చంపుకుంటానట్రా? పైగా ఇంజను మీద కొడతావా?"

"ప్రతి హంతకుడూ మొదట అనే మాట అదే!"

అప్పుడే స్కూటరు మీద అంకమ్మరావు వచ్చి ఆగాడు. "ఏమయ్యా బాషా, అవతల పూలు కట్టేవాళ్ళు కాచుక్కూచుంటే, ఇంజను ఆన్‌లో పెట్టి ఈ కుస్తీ ఏంటి?"

బాషా చెయ్యి కాలరు మీదే ఉండిపోయింది. సీట్లో ఎవరూ లేరు. ఎక్సలేటర్ మీద ఏ కాలూ లేదు. కారు మాత్రం నిద్రపోతున్న పిల్లిలా గుర్రుమంటోంది.

మళ్ళీ ఫోన్ చేస్తే అస్లాం పడీపడీ నవ్వాడు. "దెబ్బ వాల్వు మీదే పడ్డట్టుంది భాయ్, అంటుకున్నది ఊడింది. ఇవాల్టికి లాగించు, రేపు విప్పి కడుగుదాం."

సాయంత్రం బ్యాండు ముందు, బంతిపూల కారు వెనక. ఆగిన చోటల్లా ఆగుతోంది, కదిలిన చోటల్లా కదులుతోంది. వెనక సీట్లో పెళ్ళికొడుకు చెమటలు తుడుచుకుంటుంటే, ముందు సీట్లో యలమంద బాషాని ఓరకంట కనిపెడుతూ కూర్చున్నాడు.

"స్నేహితుడివని బెయిలు మీద వదిలాను. పారిపోవాలని చూశావో..."

కారు పక్కనుంచి కర్ర ఊతంతో నడుస్తూ ఒక ముసలమ్మ వాళ్ళని దాటుకుని ముందుకెళ్ళిపోయింది.

"చూశావుగా," అన్నాడు బాషా. "ఎంత దూరం పారిపోగలనో నువ్వే చెప్పరా!"