రాణీగారి కారు తలుపులు

సంస్థానం మోటారు షెడ్డులో కారు బాడీ బరువు తగ్గించినప్పుడల్లా, తగ్గినంత బరువూ ఆ పని చేసినవాడి ఒంటికి ఎక్కేది. బరువు ఎక్కడికీ పోదు, చోటు మారుతుందంతే అని ఇంజనీరు పద్మనాభం చదువుకుని వచ్చాడు. కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు.

ఆ ఏడు ఇంగ్లీషు సీమ నుంచి ఇంజనూ, చక్రాలూ మాత్రమే దిగాయి. బాడీ ఇక్కడే టేకుతో కట్టారు. లోపల నిలువుటద్దం, తమలపాకుల అర, పరుపు సోఫా. చూడటానికి దివాణంలా ఉంది గానీ ఏటిగట్టు ఎక్కలేకపోయింది. పైగా రాణీగారు చిటికెనవేలితో తోస్తే తలుపు తెరుచుకోవాలి. వడ్రంగి వీరాచారి చిత్రిక పట్టి, లోపల తొలిచి, తలుపుల్నీ పైకప్పునీ దూదిలా చేసిపెట్టాడు. సాయంత్రానికి పది మణుగుల బరువు అతనికి ఎక్కింది. మనిషి లావెక్కలేదు. అడుగు వేస్తే మాత్రం చెప్పులు నేలలోకి దిగిపోతున్నాయి.

అతని ఇల్లు ఏటికి అవతల. కాలు పెట్టగానే పడవ ఒరిగిపోవడం చూసి, సరంగు నూకరాజు గెడ ఆపేశాడు.

"ఏం తిన్నారండీ ఆచారిగారూ?"

"కారు తలుపులు."

"అయితే అరిగాక రండి. నా పడవలో పిల్లాజెల్లా ఉన్నారు."

వీరాచారి షెడ్డులోనే పడుకోసాగాడు. కొన్నాళ్ళకి అతని భార్య కామాక్షమ్మ ఏరు దాటి వచ్చింది. ఏడో నెల. నేరుగా ఇంజనీరు దగ్గరికి వెళ్ళింది.

"ఆ బరువేదో మళ్ళీ కారుకే పెట్టేయండి బాబూ. ఈయన ఇంటికి రావాలి."

"రాణీగారి వేలు నొప్పెడుతుందమ్మా."

"నాకు నొప్పులొస్తే మీరొస్తారా?"

ఇంజనీరు నిజంగానే ఆలోచించాడు. చెడ్డవాడు కాదు.

"ఇంట్లోవాళ్ళు పంచుకోవచ్చు. మీరిద్దరూ, పుట్టబోయేవాళ్ళూ కలిపి మూడు వాటాలు. బిడ్డ వాటా పుట్టేదాకా షెడ్డులో ఉంచుతాం, అంతకుమించి రూలు ఒప్పుకోదు. పడవలో మాత్రం మీరిద్దరూ ఎప్పుడూ కలిసి ఎక్కకూడదు."

"ఆడపిల్లయితే కాస్త తగ్గిస్తారా?"

"ఇక్కడ అలాంటి తేడాలు చూడమమ్మా. అందరూ సమానమే."

ఆ మాట ఆమెకు నచ్చింది. తన వాటా ఎక్కించుకుని, గోడ పట్టుకుని నెమ్మదిగా రేవుకు నడిచింది. నూకరాజు ఆమెను పడవ మధ్యలో కూర్చోబెట్టాడు.

రెండో విడతలో వెళ్ళాల్సిన వీరాచారి, కారు నుంచి విప్పేసిన ఇనప స్ప్రింగులు రెండు అడిగాడు, ఉయ్యాలకి. ఇంజనీరు సంతోషంగా ఇచ్చేశాడు. అంత తేలికైన కారుకి ఇక వాటితో పనిలేదు.