గోడకవతలి మోత

ఆ ధ్వని పోయింది ఒక ఆదివారం ఉదయం, టీచరమ్మ స్నానం ముగించేలోపు. దాన్ని తుడిచిపెట్టింది పసుప్పచ్చటి దుమ్ముగుడ్డ. గుడ్డకు ఏ పాపమూ తెలియదు. దాన్ని పట్టుకున్న చేతికీ తెలియదు.

ఆ రోజుకు టీచరమ్మ అనుకున్న పని చాలా చిన్నది. పదింటికి, ఏడాది క్రితం పోయిన ఆమె భర్త స్నేహితులు ముగ్గురు వస్తారు. గదిలో బల్ల మీదున్న ఆయన పాత సింథసైజర్ మీట వేస్తారు. అది మోగుతుంది. వాళ్ళు రికార్డు చేసుకుంటారు, తను వింటుంది. అంతే.

ఆయన రైల్వే స్టేషన్లో బండ్ల రాకపోకలు మైకులో చెప్పేవారు. అక్కడ అంత మాట్లాడినందుకేమో, ఇంట్లో మాట తక్కువ, మోత ఎక్కువ. మధ్యాహ్నం డ్యూటీ కనుక ఉదయాలన్నీ ఆ వాయిద్యం ముందే గడిచేవి. ఆ వేళకు టీచరమ్మ బడిలో ఉండేది. వాయిద్యం ముఖం నిండా నాబులు, చిల్లులు, ఒక చిల్లు నుంచి ఇంకో చిల్లుకు వైర్లు. కరెంటును పిండి శబ్దం తీసే యంత్రమది. పాతకాలపుది కనుక దానికి జ్ఞాపకశక్తి లేదు. ఏ నాబు ఎటు తిరిగి ఉందో, ఏ వైరు ఎక్కడ గుచ్చి ఉందో, అదే దాని జ్ఞాపకం. ఒక్క నాబు వెంట్రుకవాసి జరిగినా నిన్నటి ధ్వని ఇవాళ రాదు.

పోయే ముందు నెల్లాళ్ళు కూర్చుని ఆయన ఒక ధ్వని కట్టారు. వేలు పెట్టి వాయించే పని లేదు, మీట వేస్తే దానంతట అదే మోగుతూ మారుతూ పోతుందట. "రాత్రికి వినిపిస్తాను" అన్నారు. "ఈ పేపర్లు దిద్దేశాక వింటాను" అంది టీచరమ్మ. పేపర్లు దిద్దడం అయ్యింది. వినడం కాలేదు. ఆ తర్వాత ఏడాదిపాటు ఆ మీట వేసే ధైర్యం రాలేదు.

ఆమె స్నానం చేసి వచ్చేసరికి ఆ గది తలుపు బార్లా తీసి ఉంది. ఆయన అక్కగారు, అంటే టీచరమ్మకు వదిన, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. ఇదే ఇంట్లో ఉంటున్నా, తమ్ముడు పోయాక ఆవిడ ఆ గదిలో అడుగుపెట్టడం అదే మొదలు.

"వచ్చేవాళ్ళు ఏమనుకుంటారు అమ్మాయ్? వేలెడు దుమ్ము! పైగా ఆ నాబులు తలో దిక్కూ చూస్తున్నాయి. అన్నిటినీ నిటారుగా నిలబెట్టాను, మీ బళ్ళో పిల్లల్లాగా."

"వైర్లు?"

"అదేం చిక్కు తల్లీ! పీకి, చుట్టలు చుట్టి, రబ్బరు బ్యాండ్లేసి డబ్బాలో పెట్టాను. పొడుగువి అడుగున, పొట్టివి పైన. వాడికి శుభ్రం అంటూ ఎప్పుడు తెలుసు గనక."

ఆవిడ అటు తిరిగి బల్ల అంచు మళ్ళీ తుడిచింది. అక్కడ దుమ్మేమీ లేదు.

టీచరమ్మ ఆ యంత్రాన్ని చాలాసేపు చూసింది. పిల్లవాడు తప్పు లెక్కను ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకొస్తే ఏమనేదో, అదే అంది. "చాలా శుభ్రంగా ఉంది, వదినా."

వచ్చేవాళ్ళకు గుమ్మంలోనే చెవిలో చెప్పేద్దామనుకుంది. కానీ తలుపు తీసింది వదిన.

ముగ్గురూ చెప్పులు విడిచి, గొంతులు తగ్గించి వచ్చారు. పళ్ళ డాక్టరు తన చిన్నతనం తర్వాత తయారైన ఏ వాయిద్యాన్నీ వాయిద్యమని ఒప్పుకోడు. లిఫ్టు మెకానిక్‌ పాతవీ కొత్తవీ కాక, సొంతంగా డబ్బాల్లో యంత్రాలు కట్టుకుని వాటినే మోగిస్తాడు. కళ్ళజోళ్ళ దుకాణం నడిపే అమ్మాయి చేతిసంచిలో పలకంత కొత్తరకం సింథసైజర్ ఉంది. వెయ్యి ధ్వనులు గుర్తుపెట్టుకుంటుంది, విన్నది రికార్డు కూడా చేస్తుంది. డాక్టరు దాన్ని 'కాలిక్యులేటర్' అంటాడు. ముగ్గురికీ ఏ విషయంలోనూ పడదు, ముగ్గురూ ఒకర్ని విడిచి ఒకరు ఉండరు.

డాక్టరు గది గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అన్నీ నిటారుగా!" అన్నాడు గుసగుసగా. "చూశావటయ్యా? అన్ని నాబులూ నడిమధ్యన!"

"వైర్లు కూడా లేవండీ" అన్నాడు మెకానిక్.

"వైర్లు వద్దనుకున్నాడు! చుట్టి పక్కన పెట్టేశాడు. పొడుగువి అడుగున, పొట్టివి పైన. ఇంత జాగ్రత్తగా సన్యాసం పుచ్చుకున్నవాణ్ణి నేనెక్కడా చూళ్ళేదు."

"అది కాదండీ..." అంది టీచరమ్మ.

"మీరేం చెప్పక్కర్లేదు చెల్లెమ్మా. ఏడాదిగా ఎవర్నీ ముట్టుకోనివ్వలేదని మాకు తెలుసు. ఉన్నదున్నట్టే రికార్డు చేస్తాం."

వెనక కాఫీ కప్పులతో వదిన నిలబడి ఉంది. టీచరమ్మ ఆ మాట అక్కడితో వదిలి కప్పులు అందుకుంది.

మెకానిక్ మీట వేశాడు. ఎర్రదీపం వెలిగింది. పాత యంత్రం, వేడెక్కాలి. ముగ్గురూ కళ్ళు మూసుకుని కూర్చున్నారు. చాలాసేపటికి ఎక్కడి నుంచో సన్నటి గుర్రుమనే ధ్వని మొదలైంది. లోతుగా, నిలకడగా, అడుగున చిన్న వణుకుతో.

"ఆహా" అన్నాడు డాక్టరు.

"గోడ దగ్గర ఇంకా బాగా వినిపిస్తోందండీ" అన్నాడు మెకానిక్.

"గది మొత్తాన్నీ వాయిద్యం చేసేశాడయ్యా!"

"అంకుల్, దీన్నెక్కడో విన్నట్టుంది నాకు" అంది కళ్ళజోళ్ళమ్మాయి.

"గొప్ప ధ్వనులన్నీ అలాగే అనిపిస్తాయమ్మా. నీ కాలిక్యులేటర్ ఆన్ చెయ్యి."

కాసేపటికి ధ్వని ఒక్కసారి ఒళ్ళు విదిలించుకుని ఆగిపోయింది. "ఆగిపోయింది!" అన్నాడు మెకానిక్. "ఆగలేదు, ఊపిరి తీసుకుంటోంది" అన్నాడు డాక్టరు. నిజంగానే కొంతసేపటికి మళ్ళీ మొదలైంది. డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తమ సింథసైజర్ల సంఘంవాళ్ళకు ఫోను చేసి, ఫోనును గోడకు ఆనించి వినిపించాడు.

విన్నవాళ్ళు ఊరుకోలేదు. బయల్దేరి వచ్చారు. గుమ్మంలో చెప్పులు కుప్పపడ్డాయి. చంకలో వాయిద్యంతో ఒకరు, తలమీద స్పీకరుతో ఒకరు. ఇది మంద్రంలో ఉంది, మనం దీనికి శ్రుతి కలుపుదామన్నారు. కలిపారు. పాతవీ కొత్తవీ ఆరేడు యంత్రాలు ఆ గుర్రుమనే ధ్వని చుట్టూ మెల్లగా మోగసాగాయి. ఒకరి మీద ఒకరు పడకుండా, ఎదుటివాడి ధ్వనికి చోటిస్తూ వాయించారు. విచిత్రమేమంటే అది బాగుంది. టీచరమ్మకు ఇక నిజం చెప్పాలనిపించలేదు. ఆయన కోసం ఇంతమంది కళ్ళు మూసుకుని కూర్చోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

గదిలో ప్లగ్గులు చాలలేదు. మెకానిక్ పొడుగు వైరు పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వెళ్ళాడు. "అమ్మా, ఇక్కడ ఒక్క ప్లగ్గు ఇప్పిస్తారా?"

"దానికేం బాబూ" అంది వదిన.

మరుక్షణం ధ్వని ఆగిపోయింది. అందరూ వాయిద్యాల మీంచి చేతులు తీసేశారు. నిశ్శబ్దం.

"ఏం విరామం!" అన్నాడు డాక్టరు. "ఎంత ధైర్యం కావాలి, ఇక్కడ ఆపడానికి!"

గోడకవతల నుంచి వదిన కేక వినబడింది. "ఫ్రిజ్ పీకి ఇచ్చాను నాయనా! పాలు విరక్కముందే కానివ్వండి!"

ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. కళ్ళజోళ్ళమ్మాయి లేచి వంటింట్లోకి వెళ్ళింది. గోడకవతల ప్లగ్గు పెట్టిన చప్పుడు. ఒళ్ళు విదిలించుకుని, అదే ధ్వని మళ్ళీ మొదలైంది. రోజూ ఇతరుల నోళ్ళు తెరిపించే డాక్టరు ఆ రోజు తన నోరు తెరిచాడు, మూయలేదు.

అప్పుడు టీచరమ్మ చెప్పింది. తక్కువ మాటల్లో చెప్పింది, ఎవరి పేరూ ఎత్తకుండా చెప్పింది. కానీ వదిన గుమ్మంలోకి వచ్చి అంతా వింది.

"అంటే, వాడు కట్టింది నేను తుడిచేశానా?"

"దుమ్ము తుడిచారు వదినా."

వదిన అక్కడున్న స్టూలు మీద కూర్చుండిపోయింది. చేతిలో గరిటె అలాగే ఉంది. డాక్టరు దగ్గరికి వెళ్ళి, పన్ను పీకేముందు చెప్పినంత మెల్లగా అన్నాడు. "అమ్మా, మా ఇంట్లో నా యంత్రం మీద బట్టలు ఆరేస్తారు. మీరు తుడిచారు. అది గౌరవం."

"మళ్ళీ పెట్టలేరా మీరు?"

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. ఆ ధ్వని వాళ్ళెవరూ వినలేదు. నాబుల ఫోటో తీసి పెట్టుకోమంటే అతను, భోజనం ఫోటోతో కడుపు నిండుతుందా అనేవాడట. పోనీ, అతని తీరు తెలుసు కనుక ప్రయత్నిద్దామన్నాడు డాక్టరు. డబ్బాలోంచి వైర్లు తీసి గుచ్చారు. నాబులు తిప్పారు. బొంగురుగా ఏదో మోగింది.

"ఇది కాదు" అంది వదిన.

"మీకెలా తెలుసమ్మా?"

"తెలియకపోవడమేంటి! నెల్లాళ్ళు పొద్దుటిపూట వంటింట్లో నా ప్రాణం తోడేశాడు. తగ్గించరా అని గోడ కొట్టీ కొట్టీ ఈ గరిటె వంగింది, చూడు. అది దూరంగా బండి వస్తున్నట్టుండేది. వస్తూ ఉంటుంది, రాదు. పొయ్యి మీద ఏది పెట్టానో కూడా మర్చిపోయేదాన్ని, వస్తుందేమోనని."

మెకానిక్ ఒక వైరు మార్చాడు. "ఇలాగా?"

"దగ్గరికొచ్చేసింది. దూరంగా పెట్టు. దాని పైన చిన్నచిన్న గంటలు, ఒకదాంతో ఇంకోదానికి పొత్తు కుదరదు, మీ ముగ్గురిలాగే. ఆఁ, అవే. నువ్వేంటమ్మా అంత తీపిగా పెట్టావు? ముక్కుతో మాట్లాడినట్టుండాలి."

ఆ మాటలు పట్టుకుని ముగ్గురూ పని చేసిన తీరు చూడవలసిందే. 'ముక్కుతో' అనగానే డాక్టరు వేళ్ళు ఒకే ఒక్క నాబు దగ్గరికి వెళ్ళాయి. 'ఎండలో రేకు చిటపటలాడినట్టు' అంటే మెకానిక్ రెండు వైర్లను తారుమారు చేశాడు. గంటల మధ్య ఎడం ఎంతో అమ్మాయి చెవితో కొలిచి సరిచేసింది. సంఘంవాళ్ళు గోడవారన ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. కాఫీలు చల్లారాయి. ఎవరూ ఎవరితోనూ వాదించలేదు.

వదిన ఏదో అనబోయి ఆగింది. డాక్టరు ఒక నాబును గోరుతో తాకి చెయ్యి తీసేశాడు. దూరంగా బండి. పైన కుదరని గంటలు. వదిన లేచి, తనకు తెలియకుండానే గోడ దగ్గరికి నడిచి, గరిటెతో మూడుసార్లు కొట్టింది.

"ఒరేయ్, తగ్గించరా!"

తర్వాత ఆవిడ చేతిలోని గరిటెను చూసుకుంది. డాక్టరు నాబుల మీంచి తల ఎత్తలేదు. మెకానిక్ కిటికీ వైపు తిరిగాడు.

"ఇదే" అంది వదిన. "ఇంత పాడు మోత ఇంకొకటి ఉండదు."

టీచరమ్మ బల్ల పక్కన కూర్చుని వింది. బండి వస్తూనే ఉంది. ఆయన దాన్ని ఏ ప్లాట్‌ఫారం మీదకీ రానివ్వలేదు. ఆమె మధ్యలో లేవలేదు. చీకటిపడే దాకా ఎవరూ మీట ఆపలేదు.

కళ్ళజోళ్ళమ్మాయి దాన్ని తన కాలిక్యులేటర్లో దాచింది. డాక్టరు అడిగి మరీ ఒక కాపీ తీసుకున్నాడు. ఫ్రిజ్ రికార్డింగు కూడా సంఘంవాళ్ళు చెరపలేదు, దాని గుణం దానిదేనన్నారు. వదిన రోజూ పొద్దున మీట తనే వేసి, వంటింట్లోకి వెళ్ళి గోడ కొడుతుంది.

ఆ గదిలో దుమ్ము మళ్ళీ వేలెడు పేరుకుంది, తుడవడానికి మాత్రం ఇంతవరకూ ఎవరూ ముందుకు రాలేదు.